పదో వంతు

కిందటి వారం కథలో క్రిస్టీనాను మేడ్చల్ బస్టాండు పక్కన ఎస్టీడీ బూతులో వదిలిపెట్టి వచ్చాం. అల్వాల్‌లో ఉన్న స్నేహితురాలు రోజారాణికి ఫోన్ చేసి, "మేం వస్తలేమే, ఆ ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చుకొమ్మను" అని చెప్పేసి, చిల్లర తీసుకోవడం కూడా మరిచిపోయి బస్సెక్కింది. ఆ ఇల్లంటే రెండు గదులు, ముందు చిన్న వసారా. నడిచి వెళ్లేంత దూరంలో ఆసుపత్రి. పెళ్లికి ముందు నేర్చిన నర్సు పని మళ్లీ చేసుకోవడానికి అక్కడ ఆమెకో చోటు ఖాళీగా ఉంది. ఏడేళ్ల కూతురు బిందుకు పక్క వీధిలోనే బడి. అన్నీ కుదిరాయి, డబ్బు లెక్క ఒక్కటి తప్ప.

ఆ లెక్క ఆమె భర్త ఎడ్వర్డ్‌ది. ఆయన శామీర్‌పేట అవతల కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో సూపర్‌వైజరు, జీతం ఆరు వేలు. బిందు పుట్టినప్పుడు నెలకు ఐదు వేలొస్తే సుఖంగా బతకొచ్చన్నాడు. ఐదు వచ్చాక ఏడన్నాడు. అల్వాల్ మాట ఎత్తినప్పటి నుంచీ పది అంటున్నాడు. "నీ నౌకరి ఉంటదో పోతదో, అది లెక్కల వట్టొద్దు. నాకు పదివేలొచ్చిననాడు పోదాం" అని నాలుగేళ్లుగా ఒకటే పాట. ఇంట్లో పాలు సగం చేశారు. ఎడ్వర్డ్ తల్లి ఎలీషమ్మ అరవై దాటిన వయసులో ద్రాక్ష తోటలకు కూలికి పోతోంది. అయినా ఆరు వేలు ఆరు వేలుగానే ఉండిపోయాయి. శనివారం నాడు క్రిస్టీనా ఆశ వదులుకుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ మర్నాటి సంగతి, 2004 మార్చి నెల మొదటి ఆదివారం.

వాళ్లుండే రావల్కోల్ చర్చి సంఘంలో జీతమెంతో దాచుకోవడం మాటలు కాదు. సంపాదనలో పదో వంతు దేవునికివ్వడం అక్కడివాళ్ల పద్ధతి. దాన్ని దశమ భాగం అంటారు. నెల మొదటి ఆదివారం సంఘ పెద్ద యేసయ్య ముందుకొచ్చి నిలబడి, ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా చదువుతాడు. ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. స్తంభం మీద నుంచి కిందివాళ్లకు వినబడేట్టు అరిచి అరిచి అలవాటైన గొంతు. పేరు, మొత్తం, ఆ తర్వాత "ఆమెన్". చాపల మీద కూర్చున్నవాళ్లు భక్తిగా కళ్లు మూసుకుని, లోపల మాత్రం ఆ మొత్తం పక్కన ఒక సున్నా చేరుస్తూ ఉంటారు. ఆ ఊళ్లో చదువు రానివాళ్లున్నారు గానీ పదో ఎక్కం రానివాళ్లు లేరు. ఓసారి ఒకాయన పేరు దగ్గర మూడు వందలకు బదులు నూట యాభై వినబడింది. సోమవారం పొద్దున పాలాయన ఆ ఇంటి ముందు ఆగకుండా వెళ్లిపోయాడు. ఇంకొకాయనకు రెండు వందలు పెరిగితే, చేబదులు అడిగేవాళ్లు వారమంతా ఆ గడప అరగదీశారు.

ఆ ఆదివారానికి ఇంకో విశేషం ఉంది. ఏడాదికోసారి చుట్టుపక్కల సంఘాల పాస్టర్లు ఒకరి చోటికి ఒకరు వెళ్లి వాక్యం చెబుతారు. రావల్కోల్‌కు ఎప్పుడూ కీసర వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఈసారి ఆయనకు మోకాళ్ల నొప్పులు పట్టుకోవడంతో శామీర్‌పేట నుంచి ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. ఈ మార్పు సంగతి ఎడ్వర్డ్‌కు చర్చిలో అడుగు పెట్టేదాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ పూట ఆయనకు తప్పకుండా జ్వరం వచ్చేది.

"ఎడ్వర్డ్. ఆరు వందలు. ఆమెన్" అని చదివాడు యేసయ్య. ఆడవాళ్ల వైపు కూర్చున్న క్రిస్టీనా తల దించుకుంది. ఆ ఆరు వందలు ఆమెకు కంఠతా వచ్చు. పక్కనే ఎలీషమ్మ కొడుకు పేరు వినబడినప్పుడల్లా చేసినట్టే కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

తర్వాత కొత్త పాస్టరు లేచాడు. సన్నగా ఉన్నాడు, మీసాలు ఇప్పుడిప్పుడే చిక్కబడుతున్నాయి. వాక్యం మొదలుపెట్టే ముందు ఒక సంతోషకరమైన మాట చెప్పుకోవాలన్నాడు.

"ప్రియులారా, మీ సంఘం ఎంత ధన్యమైందో మీకు తెలుసో లేదో. మా శామీర్‌పేట సంఘం పేదది. ఈ మధ్యనే చర్చికి రేకులు వేసుకున్నాం. అందులో మీ ఊరి బిడ్డ చెయ్యి ఉంది. సోదరుడు ఎడ్వర్డ్ గారు రెండేళ్లుగా తమ దశమ భాగం ఐదు వందల యాభై రూపాయలు నెలనెలా మా సంఘంలో చెల్లిస్తున్నారు. నేను వచ్చి మూడు నెలలే అయింది గానీ పాత పాస్టరుగారు కూడా ఇదే చెప్పారు, ఒక్క నెల తప్పలేదట. తన పేరు చదవొద్దంటారు. ఎంత వినయం చూడండి! కనీసం సొంత సంఘంలో ఆయన పేరు చెప్పకపోతే నాకే దోషం. చప్పట్లతో దేవుణ్ణి స్తుతిద్దాం."

చప్పట్లు బ్రహ్మాండంగా మొదలయ్యాయి. పాపం ఆ జనం ముందు చప్పట్లు కొట్టి, తర్వాత లెక్క వేశారు. ఐదు వందల యాభై పక్కన సున్నా చేర్చి, దానికి యేసయ్య ఇంతకుముందే చదివిన ఆరు వందల లెక్క కలిపేసరికి చప్పట్లు పలచబడ్డాయి. ముందు వరుసలో ఒకాయన మెడ తిప్పి వెనక్కి చూశాడు. ఆడవాళ్లలో ఎవరో "పదకొండున్నర" అని సన్నగా అన్నారు. యేసయ్య చేతిలో ఉన్న కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఎడ్వర్డ్ మాత్రం ఎదుటి గోడ మీద రంగు పెచ్చు లేచిన చోటును చూస్తూ కూర్చున్నాడు.

క్రిస్టీనా కూడా చప్పట్లు కొట్టింది. కాస్త ఎక్కువసేపే కొట్టింది. ఆమెకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. తన మొగుడి సంపాదన తనకంటే ముందు పక్క చాపమీది ఆడవాళ్లు లెక్కగట్టారన్న సిగ్గు. నిన్న మధ్యాహ్నం ఫోన్లో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఇల్లు వద్దంది. ఉద్యోగం వద్దంది. ఎందుకే అని రోజారాణి అడిగితే, "మా ఆయన పాపం ఎంతని సంపాయిస్తడు, ఆయన్ని ఎక్కువ పరేషాన్ చెయ్యద్దు" అని కూడా అంది. ఆ "పాపం" అన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపించింది. అత్త వైపు చూసింది. ఎలీషమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో లెక్క వేస్తోందో చెప్పడం కష్టం.

ఇదంతా చర్చితో అయిపోతే ఎడ్వర్డ్ అదృష్టవంతుడే. బయటి ఊరి పాస్టరు వస్తే సంఘంలో ఒక ఇంట్లో భోజనం పెట్టాలి. ఎవరింట్లోనన్నది వంతుల ప్రకారం నడుస్తుంది. ఈసారి వంతు ఎలీషమ్మది. ఆమె నెల ముందే ఒప్పుకుని, పొద్దున్నే కోడిని కోయించి, బగారా అన్నానికి మసాలా దినుసులు కూడా తన కూలి డబ్బుతో తెప్పించింది. కాబట్టి కుర్ర పాస్టరు నేరుగా వీళ్లింటికే వచ్చాడు, తను ఈ ఇంటికి ఏం చేసిపెట్టాడో తెలియని అమాయకపు సంతోషంతో. కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చున్నాడు. ఎడ్వర్డ్ ఆయన పక్కన కూర్చున్నాడు. బిందును పక్కింటి పిల్లలతో ఆడుకోమని పంపేశారు.

వంటింట్లో ఎలీషమ్మ కూర గిన్నెలోకి తీస్తోంది. ద్రాక్ష గుత్తులు కత్తిరించి కత్తిరించి ఆమె వేళ్ల సందుల్లో నల్లటి మరకలు పడ్డాయి. రెండు సీజన్లుగా ఎన్ని సబ్బులు అరగదీసినా అవి పోలేదు. "ఇంట్ల ఊకె కూసుంటే నడుము వడతది, గందుకే వోతున్న" అని ఆమె అందరికీ చెప్పేది. ఆ కూలి బిందు నోటుబుక్కులకూ పాలకూ పోయేదని క్రిస్టీనాకు తెలుసు. ఆమె గిన్నె అందుకుని ముందు గదిలోకి వచ్చింది.

"కూర మస్తున్నదమ్మా" అన్నాడు పాస్టరు. పీఠం దిగాక ఆయన భాష కూడా కిందికి దిగింది. కరీంనగర్ వైపు మనిషి.

"ఇంకొంచెం ఏసుకోండ్రి అయ్యగారూ." క్రిస్టీనా వడ్డించింది. "మీరు చదువుకున్నోళ్లు. ఒక మాట అడుగుత, తప్పనుకోవద్దు. ఒక సంసారం సుఖంగా బతకాలంటే నెలకెంత రావాలంటరు?"

ఎడ్వర్డ్ చెయ్యి పళ్లెంలో ఆగింది.

పాస్టరు నవ్వాడు. "గది నన్నడిగితే ఎట్లమ్మా? నాకు సంఘమోళ్లు రెండు వేల ఎనిమిది వందలిస్తరు. మేం నలుగురం. సాలుతాందా అంటే, సాలుతలేదంటే దేవుడే సాలుతలేడన్నట్టయితది. పాస్టర్ను గద. గందుకని సాలుతాందనే చెప్త. మా ఇంటామెను అడుగకుండ్రి, ఆమె నిజం చెప్తది."

"మరి మా ఇంట్ల పదకొండు వేల ఐదు వందలొస్తున్నా సాలుతలేదయ్యగారూ. నలుగురమే. మీకంటె ఎక్కువేం తింటలేం. ఎందుకు సాలుతలేదో మీరన్న చెప్తరేమో అని."

మాట తేనెలాగే ఉంది. పాస్టరు నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగి, ముందు ఆమెను, తర్వాత పక్కన తల వంచుకున్న ఎడ్వర్డ్‌ను, తర్వాత గుమ్మంలో నిలబడ్డ ఎలీషమ్మను చూశాడు. కుర్రవాడే గానీ తెలివితక్కువవాడు కాదు. పేరు చదవొద్దని ఎడ్వర్డ్ ఎందుకన్నాడో అప్పుడు ఆయనకు అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, నేను పొద్దుగాల ఏమన్న అనరానిది..."

"మీరు మంచే చేసిన్రు అయ్యగారూ. మీ తప్పేం లేదు. పెరుగు తెస్త, ఉండుండ్రి."

"క్రిస్టీనా, ఇగ సాలు" అన్నాడు ఎడ్వర్డ్.

"గదే నేను గూడ అడుగుతున్న. ఎంతైతే సాలు?"

పాస్టరు పెరుగు కోసం ఆగలేదు. మూడింటికి శామీర్‌పేటలో మీటింగు ఉందన్నాడు. ఆదివారం మూడింటికి ఏ సంఘంలోనూ ఏ మీటింగూ ఉండదని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఎవరూ పట్టుకోలేదు. భోజనం పెట్టిన ఇంటికోసం ప్రార్థన చేయాలి కాబట్టి నిలబడి కళ్లు మూసుకుని, ఈ ఇంట శాంతి ఉండాలని దేవుణ్ణి రెండు ముక్కల్లో అడిగి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వీధిలోకి నడిచాడు. బగారా అన్నం పళ్లెంలో సగం మిగిలిపోయింది. అంత ఖర్చుపెట్టి వండిన ఎలీషమ్మకు ఆ పళ్లెం ఎత్తుతుంటే ప్రాణం ఉసూరుమంది.

ఎడ్వర్డ్ చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. క్రిస్టీనా చాప మీదే కూర్చుంది.

"నీకు చెప్దామనే అనుకున్న" అన్నాడు.

"ఎప్పుడు?"

"జర కుదురుకున్నంక. సెక్షన్ ఇన్‌చార్జి చేసి రెండేండ్లాయె. జీతం పెంచిన్రు."

"రెండేండ్లు నాతోని ఆరు వేలన్నవు. మరి దేవునికెందుకు పదకొండున్నర లెక్కన ఇచ్చినవు?"

ఎడ్వర్డ్ ఈ ప్రశ్నకు కొంచెం ఆశ్చర్యపోయాడు. ఆయనకది ప్రశ్నలాగే అనిపించలేదు. "దేవుని దగ్గర దొంగలెక్క చెప్తమా? ఈడ పదకొండు వందల యాభై ఇస్తే యేసయ్య మామ సదువుతడు, ఊరంత తెలుస్తది. ఇయ్యకుంటే పాపం. గందుకే మిగిలింది శామీర్‌పేటల ఇచ్చిన."

పెళ్లాన్ని మోసం చేయగల ధైర్యమున్న మనిషికి దేవుణ్ణి మోసం చేసే ధైర్యం లేకపోవడం వల్ల ఈ కథ ఇంతదాకా వచ్చింది. భక్తి తక్కువైతే ఇంకో పదేళ్లు హాయిగా నడిచిపోయేది.

"మిగిలిన పైసలేవి?" అంది క్రిస్టీనా.

"బ్యాంకుల ఉన్నయి. మేడ్చల్ల. లక్షా ఇరవై. ఒక్క రూపాయి గూడ ముట్టలే." ఈ మాట అంటున్నప్పుడు ఎడ్వర్డ్ ముఖంలో కాస్త గర్వం కనిపించింది. ఒక చెడు అలవాటు లేదు, ఒక వృథా ఖర్చు లేదు. ఈ సంగతి బయటపడితే ఎవరో ఒకరు శభాష్ అంటారనే ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు.

క్రిస్టీనా ఆయన వైపు తిరిగింది. "తాగినవంటే ఏడ్చి ఊకుంటుంటి. ఇంకొకామెకు పెట్టినవంటే కొట్లాడుతుంటి. ఏం జెయ్యలే అంటున్నవు. ఏం జెయ్యకనే మమ్ముల గిట్ల బతికిచ్చినవా? పోరికి సగం గిలాస పాలు పోస్తున్న నేను. నీళ్లు గలిపి నిండ గిలాసని చెప్తున్న."

"నేను తక్కువ పొయ్యమనలే."

"ఎక్కువ పొయ్యమని గూడ అనలే. అత్తమ్మ తోటలకు పోతాంటే పొమ్మనలే, వద్దనలే. గా ద్రాక్ష తోట మీ హేచరీకి పొయ్యే తొవ్వలనే ఉన్నది గద. బండి మీద పోతాంటే రోజు కండ్లవడుతుండొచ్చు."

ఎడ్వర్డ్ గుమ్మం వైపు చూడలేదు. గుమ్మంలో ఎలీషమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టేసరికి గొంతు మారింది.

"తొంభై ఎనిమిదిల పాత కంపెనీ మూతవడ్డది యాదికున్నదా? ఏడు నెల్లు ఇంట్ల ఉన్న. ఏడు నెల్లు యేసయ్య మామ నా పేరు సదవలే. మా నాయిన పేరు సదివిన సంఘం, నా పేరు దాటేసి పక్కోని పేరు సదివేటోళ్లు. నువ్వు ఆడోళ్ల దిక్కు కూసుంటవు, నీకు తెల్వదు. మొగోళ్లందరు నా దిక్కు జూసి, మళ్ల జూడనట్టు ఉండేది. గప్పుడే అనుకున్న, ఇగ నాకు ఎంతొస్తదో ఎవ్వలకు తెలువద్దు అని. పెరిగింది తెలువకుంటే తరిగింది గూడ తెలువది."

క్రిస్టీనాకు ఆ రోజులు గుర్తున్నాయి. చర్చి నుంచి వస్తూ ఆయన దారంతా మాట్లాడకపోవడం, ఇంటికి రాగానే కడుపు నొప్పని పడుకోవడం గుర్తున్నాయి. ఆయన మీద జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకు కోపం వచ్చింది.

"ఊరికి దాచినవు, సమజైంది. నాకెందుకు దాచినవు?"

"నీకు తెలిస్తే అల్వాల్ పోదామంటవు. పోతే కిరాయి, బడి, గ్యాస్, అన్ని పైసలే. టీవీల జూస్తున్నవు గద, బయట దేశాలల్ల కోళ్లకు రోగం అంటున్రు. ఈడిదాక వస్తే హేచరీ ఉంటదా? అప్పుడు అల్వాల్ల రోడ్డు మీద వడతం."

"సరే." క్రిస్టీనా చాప మీద ముందుకు జరిగింది. గొంతులో వెటకారం పోయింది. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. "ఎంతుంటే నీ భయం వోతది? గంత జమ అయ్యేదాక ఆగుత. ఒట్టు. ఒక్క అంకె చెప్పు."

"రెండు లక్షలైతే..."

"రెండు లక్షలైతే పోదామా?"

"అప్పటికి ధరలు గూడ పెరుగుతయి గద. బిందు గూడ పెద్దదైతది."

"మూడైతే?"

ఎడ్వర్డ్ వేళ్లతో కుర్చీ చెయ్యి మీద ఏదో గీస్తూ కూర్చున్నాడు. ఐదు వేలన్నప్పుడు, ఏడన్నప్పుడు, పదన్నప్పుడు కూడా ఆయన అబద్ధం చెప్పలేదని, ఆ క్షణానికి అంతే చాలని నిజంగానే అనుకున్నాడని క్రిస్టీనాకు ఇప్పుడు అర్థమైంది. అది వచ్చి చేతిలో పడగానే చాలదనిపించేది. ఆయన దగ్గర అంకె లేదు. నాలుగేళ్లుగా ఆమె ఎదురుచూసింది లేని అంకె కోసం.

ఆమె లేచి నిలబడింది. కొంగు బొడ్లో దోపుకుంది.

"సాయంత్రం ఐదింటికి గా ఇల్లు జూసుకోనీకి వేరేవాళ్లొస్తున్రంట, నిన్న ఫోన్ల రోజారాణి చెప్పింది. నాలుగు గాకముందే నేను ఆడ ఉండాలె. ఇప్పుడు పోత."

"జీతం చెప్పిన గద, ఇగ ఏంది? ఆగు జర. వచ్చే ఏడు ఆలోచన చేద్దాం."

"నీ జీతంతోటి నాకు పని లేదు. నేను వేరే లెక్క కట్టిన. ఆసుపత్రిల నాకు నాలుగు వేలిస్తరు. కిరాయి పన్నెండు వందలు పోతది. బడి ఫీజు, బియ్యం, పాలు పోంగ గూడ ఐదారు వందలు మిగులుతయి. ఇద్దరికి సాలుతది."

"ఇద్దరెవలు?"

"నేను, బిందు."

ఎడ్వర్డ్ కుర్చీలోంచి లేచాడు. ఇంటి గొడవలు ఇదివరకు ఎన్ని వచ్చినా ఇంతదాకా రాలేదు. ఆయనకు నిజంగానే భయమేసింది. భయమేసినప్పుడు మనిషి చేతికి అలవాటైన కర్రనే అందుకుంటాడు. ఎడ్వర్డ్ కూడా ఎప్పుడూ పనిచేసే మాటనే అందుకున్నాడు.

"మరి అమ్మ? ముసలిదాన్ని నా మీద ఇడిసిపెట్టి పోతవా? ఈ ఇల్లు ఇడిసి అమ్మ ఎన్నడు రాదు. నాయిన కట్టిన ఇల్లు. అమ్మ కోసమే గద నేను ఈడ ఉన్నది!"

క్రిస్టీనా తలుపు దగ్గర ఆగిపోయింది. ఈ మాట దగ్గర ఆమె ఎప్పుడూ ఆగిపోయేది. అత్తంటే ఆమెకు ప్రేమ. అరవై దాటిన మనిషి తన బిడ్డ నోటుబుక్కుల కోసం ఎండలో నిలబడింది. ఆమెను ఈ ఇంట్లో ఈ మనిషి దగ్గర వదిలి వెళ్లడం ఎట్లాగో క్రిస్టీనా లెక్కలో ఎక్కడా లేదు.

ఎలీషమ్మ చేతిలో పళ్లెం కింద పెట్టింది.

"నేను రానని ఎవలన్నరురా?"

"అమ్మా..."

"నువ్వు నన్ను ఎన్నడన్న అడిగినవా? వస్తవా అమ్మా అని ఒక్కనాడు అడిగినవా?" ఆమె గొంతు పెంచలేదు. లోపలికి వెళ్లి దండెం మీద రెండు చీరలు తీసి, కొడుకు చూస్తుండగానే మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. "నా కొడుకు ఇంతే సంపాయిస్తడని నేను తోటలల్ల నలుగురికి సెప్పుకున్న. పాపం అన్నరు వాళ్లు. పాపమే అనుకున్న నేను గూడ." కోడలి వైపు తిరిగింది. "బిడ్డా, ముగ్గురికి లెక్కగట్టు. నేను మస్తు తినను."

క్రిస్టీనా అత్త చేతిలోంచి సంచి అందుకుంది. బిందును పిలుచుకురావడానికి గుమ్మం దిగింది.

ఎడ్వర్డ్ గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎలీషమ్మ చెప్పులు వేసుకుంది. వాకిట్లోకి వెళ్లబోయి ఆగి, కొడుకు ముఖంలోకి చూస్తూ, పట్నం పోయేవాణ్ణి ఖర్చులకు ఎంత కావాలని తల్లి అడిగినట్టు మామూలుగా అడిగింది:

"ఇగ నువ్వొక్కనివే. నీకు నెలకెంత గావాలె కొడుకా?"